యాభై మూడు గొట్టాలకు పసుపు తాడు

మా నానమ్మ భీమవ్వకు బాపు చేసి ఇచ్చిన గాజుపుల్ల మీద చాలా కోపం. దేవుడి గూట్లో దీపం ఒత్తిని ఎగదోయడానికి జానెడు పుల్ల కావాలని ఆమే అడిగింది. బాపు రెండు నిమిషాల్లో చేసి, ఒక కొసకు చిన్న గుండు కూడా పెట్టి ఇచ్చాడు. చూడటానికి ముద్దుగా ఉంటుంది. కానీ పక్కనున్న నూనె గిన్నెలో పడిందంటే ఇక కనబడదు.

"ఇది పుల్లనా, దయ్యమా?" అంటూ రోజూ పొద్దున గిన్నెలో వేళ్లు పెట్టి దేవులాడుతుంది. "గా హంస బొమ్మ పడితె తోకతోని సహా కనబడ్డది. అక్కెరకొచ్చేది మాత్రం దాసుకుంటది. గీ ఇంట్ల అందరు గంతే."

'అందరు' అన్నప్పుడు ఆమె నా వైపే చూస్తుంది. ఇంటికి కొత్తవాళ్లు వస్తే నేను కర్టెను వెనక్కి పోతానని ఆమె బాధ.

మా బాపు ముత్తెన్న గాజు ఊదే పని చేస్తాడు. హైదరాబాదులో, బాలానగర్ దగ్గర ఒక కార్ఖానాలో ఇరవై రెండేళ్లు కాలేజీల ల్యాబులకు కావలసిన బుడ్లు, గొట్టాలు చేశాడు. నెలకోసారి, పెర్కిట్‌లో ఉన్న మా ఇంటికి వచ్చేవాడు. శనివారం పొద్దుగూకే వేళకు దిగి, ఆదివారం అన్నం తిని మళ్లీ బస్సెక్కేవాడు. నేను ఊరి బడిలో పదో తరగతి పాసైన ఏడాది ఆ పని మానేసి వచ్చాడు. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ముందు గదిలో బాపు తన బర్నర్, గ్యాసు, ఆక్సిజన్ సిలిండర్లు పెట్టుకున్నాడు. నన్ను ఇక్కడే ఇంటర్‌లో చేర్పించారు, ఇప్పుడు రెండో ఏడు. అమ్మ ఎప్పటిలాగే వెనక గదిలో చాట ముందు పెట్టుకొని బీడీలు చుడుతుంది.

బాపు దగ్గరికి పని మాత్రం ఎక్కువ రాలేదు. కాలేజీ ల్యాబులో పగిలిన పరికరం ఒకటి రెండు నెలలకోసారి వచ్చేది. మిగతా రోజుల్లో సిద్ధులగుట్ట దగ్గర అమ్మడానికి హంసలు, జింకలు చేసేవాడు. మార్కెట్‌కు వచ్చిన ఆడవాళ్లు 'గాజు పని' అన్న మా బోర్డు చూసి లోపలికి తొంగి, డజను గాజులు ఎంత అని అడిగేవాళ్లు. బాపు లేచి, మర్యాదగా, గాజుల దుకాణం రెండు గల్లీల అవతల ఉందని చేయి పెట్టి చూపించేవాడు.

"దీపావళి దాక చూస్త," అన్నాడు బాపు ఒకరోజు అమ్మతో. "గప్పటికి పని కుదురకుంటె మల్ల బాలానగర్ పోవుడే. నా సీటు ఇంక ఖాళీగనే ఉన్నదట."

అమ్మ బీడీకి దారం కాస్త గట్టిగా లాగి కట్టింది. బాపు తెచ్చుకున్న నీలిరంగు రెక్సిన్ సంచి తలుపు పక్క మేకుకు అలాగే వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరూ తీసేవాళ్లు కాదు. నేను కాలేజీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అది ఉబ్బిందా, ఖాళీగానే ఉందా అని ఒకసారి చూసుకునేదాన్ని.

బాపు పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. ఊదారంగు అద్దాలు పెట్టుకొని, రెండు చేతుల్లో రెండు గొట్టాల కొసలు పట్టుకొని, మంటలో తిప్పుతూ ఉంటాడు. నోట్లో సన్నని రబ్బరు గొట్టం. దాని అవతలి కొస గాజుకు తగిలించి ఉంటుంది. గాజు ఎర్రబడి తేనెలా అయినప్పుడు రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించి, నోటితో ఇంత గాలి వదులుతాడు. అతుకు నున్నగా పొంగుతుంది. నన్ను గొట్టాలు కడగనిస్తాడు, ఆకురాయితో గీసి విరవనిస్తాడు. మంట దగ్గరికి మాత్రం రానివ్వడు.

"రెండు చేతులు ఒక్క తీరు తిరుగాలె బిడ్డా. నీ కుడి చెయ్యి ఒక పిల్లది, ఎడమ చెయ్యి ఇంకో పిల్లది. ఆ ఇద్దరికి ఇంక దోస్తాన్ కాలే."

దసరా రోజు పొద్దున బాపు మాంసానికి, జమ్మి ఆకుకు బయటికి పోయాడు. పండుగ కదా, పనిముట్లకు పూజ చెయ్యాలి. బాపు వచ్చేసరికి గదంతా తయారుగా ఉంచాలనుకున్నాను. బర్నర్ తుడిచి కుంకుమ పెట్టాను. అటక మీద ఉన్న గాజు గొట్టాలన్నీ దించాను. యాభై మూడు. దుమ్ము పట్టి ఉన్నాయి. కొన్ని కట్టలకు ఎర్ర తాడు, కొన్నింటికి తెల్ల తాడు. అన్నీ మాసిపోయి, చీకిపోయి ఉన్నాయి. వాటిని విప్పి పారేశాను. గొట్టాలన్నీ సర్ఫు నీళ్లలో కడిగి, వెనక వాకిట్లో నులక మంచం మీద ఆరబెట్టాను. ఎండకు అవి మెరుస్తుంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి చూశారు. ఆరిన తర్వాత పొడుగు ప్రకారం ఏరి అయిదు కట్టలు చేశాను. కొత్త నూలు తాడు పసుపులో ముంచి ప్రతి కట్టకూ కట్టాను. పసుపు ఊళ్లో ఉండి పండుగకు చీకిపోయిన తాళ్లేమిటి అనుకున్నాను. ప్రతి గొట్టానికీ ఒక బొట్టు.

బాపు వచ్చి గడప మీదే ఆగాడు.

"గా ఎర్ర తాళ్లు ఏవి బిడ్డా?"

"తీసేసిన బాపు. మాసిపోయినయి. అన్నిటికి పసుపు తాళ్లు కట్టిన."

ఆయన ఒక చేతిలో జమ్మి కొమ్మ, ఇంకో చేతిలో మాంసం కవరు. నేను ఆయన ముఖం చూస్తున్నాను.

"మస్తు ముద్దుగున్నది," అన్నాడు.

ఆ రోజు నా డైరీలో ఆ ఒక్క మాటే రాసుకున్నాను.

రెండు రోజుల తర్వాత, బుధవారం, మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఒకామె పసిపిల్లను ఎత్తుకున్నట్టు తువ్వాలులో చుట్టిన దేన్నో రెండు చేతులతో పట్టుకొని దిగింది. పేరు కృప. కెమిస్ట్రీ చదివింది. మార్కెట్లో పసుపు కొనే ప్రేమ్‌చంద్ సేటు కొత్తగా పెట్టిన టెస్టింగు గదిలో పని. నేను కర్టెను వెనక్కి పోయాను.

"ముత్తెన్న అంటె మీరేనా అన్నా? కాలేజీల చెప్పిన్రు. జర దీన్ని చూడుర్రి."

తువ్వాలు విప్పింది. అది పసుపులో నూనె ఎంత ఉందో కొలిచే గాజు పరికరం. కింద గుండ్రటి బుడ్డిలో పసుపు పొడి, నీళ్లు పోసి మరిగిస్తారట. ఆవిరి పైకి పోయి చల్లబడి, గీతలున్న సన్నని గొట్టంలోకి దిగుతుంది. నూనె పైన తేలుతుంది. నీళ్లు పక్కనున్న ఏటవాలు గొట్టం గుండా మళ్లీ బుడ్డిలోకి పోతాయి. ఆ ఏటవాలు గొట్టమే సగానికి విరిగింది. విరిగిన ముక్కను కూడా కృప మేడం కాగితంలో చుట్టి తెచ్చింది.

"ఎట్ల పలిగింది మేడం?" అన్నాడు బాపు.

"పండుగకు తోరణం కడుతుంటె మామిడి కొమ్మ తాకింది అన్నా. నా చెయ్యే." ఆమె నవ్వబోయి ఆపుకుంది. "శనివారం పొద్దున కేరళ నుంచి మందుల కంపెనోల్లు వస్తున్నరు. వాళ్ల ముందట నూనె తీసి చూపియ్యాలె. హైదరాబాద్ పంపితె పది రోజులైతది. సేటు ఏమన్నడంటె, ఇక్కడ మంచిగ అయితె ఇగ మా గాజు పనంత ఏడాది పొడుగు మీకే."

వెనక గదిలో అమ్మ చేతిలో కత్తెర ఆగింది. నేను మేకుకు వేలాడే సంచి వైపు చూశాను.

"అయితది మేడం," అన్నాడు బాపు. "ఫికర్ చెయ్యకుర్రి. శుక్రవారం పొద్దున రార్రి."

"చాయ్ తాగి పో బిడ్డా," అంది నానమ్మ. "కర్టెను ఎనుక ఇంటర్ సదివే పిల్ల ఉన్నది. గాలికి కర్టెను ఎగిరితె బయటికొస్తది."

నేను చాయ్ తెచ్చాను. కృప మేడం నన్ను ఏం చదువుతున్నావని అడిగింది. ఎంపీసీ అన్నాను. ఆమెకు వినబడలేదు. ఇంకోసారి అడిగింది. నానమ్మ చెప్పింది.

గురువారం పొద్దున బాపు పనికి కూర్చున్నాడు. పసుపు తాడు కట్టల ముందు చాలాసేపు నిలబడి, ఒక గొట్టం తీసి వెలుతురుకు పట్టి చూసి, పెట్టేసి, ఇంకొకటి తీశాడు. నేను కాలేజీకి పోకుండా గోనెసంచి మీద కూర్చున్నాను. విరిగిన మొండి చివర శుభ్రం చేసి, కొత్త గొట్టంలోంచి ముక్క కోసి వంచి, పైన అతికాడు, కింద అతికాడు. ఎంత బాగా కుదిరిందంటే అతుకు ఎక్కడుందో నాకు తెలియలేదు. తర్వాత ఆక్సిజన్ తగ్గించి, పసుపుపచ్చ పొగమంటలో దాన్ని తిప్పుతూ నల్లగా మసి పట్టించాడు. ఆ మసి గాజుకు దుప్పటిలాంటిది. వేడి మెల్లగా దిగుతుంది. ఇటుకల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"చాయ్ పెట్టు శ్యామలా."

అమ్మ చాయ్ పెట్టింది. బాపు గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, టిక్ మంది.

అతుకు పక్కన వెంట్రుక లాంటి గీత. బాపు దాన్ని చూసి గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. పగిలిన ముక్కను కోసేసి, ఇంకొక గొట్టంలోంచి ముక్క తీసి అతికాడు. మధ్యాహ్నానికి అది కూడా టిక్ మంది. ఈసారి ఆయన చేతిలోనే.

"గ్యాసు మంచిగ లేదు," అన్నాడు.

"దిష్టి," అంది నానమ్మ. "అన్నిటికి బొట్లు పెట్టి బయట మంచం మీద ఆరేస్తె ఊరంత చూసి పోయిండ్రు."

సాయంత్రం నేను బిందె పట్టుకొని వెనక నల్లా దగ్గరికి పోతుంటే గోడ అవతల మాటలు వినిపించాయి. బాపు, నానమ్మ.

"గ్యాసు కాదు అవ్వా. రెండు తీర్ల గాజు ఉండె నా దగ్గర. ఒకటి ల్యాబ్ గాజు. ఇంకోటి మందు సీసాలు చేసే గాజు, హంసల కోసం అగ్గువకు తెచ్చిన. రెండు ఒక్క తీరే ఉంటయి, మంటల పెట్టినా సన్న గొట్టం ఏదేందో తెల్వది. ఒకదాన్ని ఇంకోదానికి అతికితె సల్లారినంక పలుగుతది. గందుకె ల్యాబ్ దానికి ఎర్ర తాడు, మందు దానికి తెల్ల తాడు కట్టిన."

"మరి పిల్లకు చెప్పరాదురా?"

"ఎట్ల చెప్త? తిడితె మూడు దినాలు మాట్లాడది. అంత ముద్దుగ కట్టి బొట్లు పెట్టింది. నేనే ఎట్లనన్న పోల్చుకుంట అనుకున్న. రెండు దెబ్బలు తిన్న. ఇంకోసారి తీసి అతికితె మేడం సామానే కరాబైతది. రేపు కాదని చెప్పేస్త."

బిందె నిండి నీళ్లు నా కాళ్ల మీద పారుతున్నాయి. నేను నల్లా కట్టలేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. అదే నాకు ఎక్కువైంది. తిడితే నిజంగానే మూడు రోజులు మాట్లాడకుండా ఉండి, అది అయిపోయేది. ఇప్పుడు ఎవరితో మాట్లాడకుండా ఉండాలి? లోపలికి వచ్చి దేవుడి గూటి ముందు కూర్చున్నాను. సాయంత్రం దీపం వేళ. నానమ్మ వచ్చి నా పక్కన కూలబడి, ఎప్పటిలా నూనె గిన్నెలో వేళ్లు పెట్టింది.

"మల్ల పోయింది. ఒసే రాణీ, నీ కండ్లు మంచిగుంటయి, జర చూడు. ఉన్నదా అందుల?"

చూశాను. స్టీలు గిన్నె, సగం వరకు నువ్వుల నూనె. అడుగు కనబడుతోంది. పుల్ల లేదు. నేను వేలు పెట్టాను. వేలికి పుల్ల తగిలింది.

అలాగే వేలు పెట్టి కూర్చుండిపోయాను.

"ఏమైందే?"

"నానమ్మా, హంస పడితె కనబడ్డది అన్నవు కదా?"

"కనబడ్డది. తోకతోని సహా. ఏడాది సంది చెప్పుతున్న."

హంసలు మందు గాజువి. మరి ఈ పుల్ల? లేచి ముందు గదిలోకి పోయాను. కృప మేడం కాగితంలో తెచ్చిన విరిగిన ముక్క బల్ల మీద ఉంది. అది ల్యాబ్ గాజేనని అనుమానం లేదు. దాన్ని తెచ్చి గిన్నెలో వేశాను. నూనెలోకి దిగుతూ దిగుతూనే మాయమైంది. షెల్ఫు మీది హంసను తెచ్చి వేశాను. అడుగున కూర్చొని నా వైపు చూస్తూ ఉంది, మెడ, ముక్కు, తోక అన్నీ కనబడుతూ.

నానమ్మ గిన్నెలోకి వంగింది. నన్ను చూసింది. మళ్లీ గిన్నెలోకి చూసింది.

"పోయి చెప్పు మీ బాపుకు," అంది మెల్లగా.

బాపు అప్పటికే గ్యాసు సిలిండర్ గురించి ఎవరినో కలవాలని చెప్పి బజారుకు పోయాడు. వచ్చేసరికి తల నొస్తుందని పడుకున్నాడు. చెప్పాలంటే ముందు ఎర్ర తాళ్లు తీసింది నేనే కదా అని మొదలుపెట్టాలి. అది మొదలుపెట్టలేకపోయాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే ఆటో వచ్చింది. కృప మేడం బల్ల మీద పరికరాన్ని, దాని పక్కన పగిలిన రెండు గొట్టపు ముక్కలను చూసింది. బాపు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"మేడం, ఏమనుకోకుర్రి..."

నేను కర్టెను వెనక ఉన్నాను. చేతిలో నూనె గిన్నె. నా వెనక నానమ్మ.

"పోవే," అంది.

నేను కదల్లేదు. ఆమె నా వీపు మీద చేయి వేసి ఒక్క తోపు తోసింది. గిన్నెతో సహా గది మధ్యలో వచ్చి పడ్డాను. నూనె నా చున్నీ మీద చిందింది. అందరూ నన్నే చూస్తున్నారు. నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అందుకని గిన్నెను బల్ల మీద పెట్టి, విరిగిన ముక్కను అందులో వేశాను. తర్వాత హంసను వేశాను.

"ఏంది బిడ్డా ఇది?" అన్నాడు బాపు.

"ఎర్ర తాళ్లు నేనే తీసిన బాపు," అన్నాను. ఆ మాట వచ్చాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. "నూనెల మాయమయ్యేది ల్యాబ్ గాజు. కనబడేది మందు గాజు. అన్ని గొట్టాలు ముంచి చూద్దాం."

బాపు గిన్నె మీదికి వంగాడు. ఊదారంగు అద్దాలు తీసి మళ్లీ వంగాడు. వేలు పెట్టి ముక్కను బయటికి తీశాడు, వేశాడు. ముక్క వచ్చింది, పోయింది. మూడుసార్లు అలా చేశాడు, చిన్నపిల్లవాడిలా.

కృప మేడం గట్టిగా నవ్వింది. "అరే! వెలుతురు గాజులకెల్లి పోయేటప్పుడు వంగుతది కదా అన్నా, గందుకె మనకు గాజు కనబడుతది. నూనెల కూడ అంతే వంగితె ఇగ రెంటికి తేడా ఏముంటది? కండ్లకు అందది. నేను పుస్తకంల చదివిన. ఎన్నడు చేసి చూడలె!"

"ఇరవై రెండేండ్లు గాజు ఊదిన," అన్నాడు బాపు. "నీళ్లల ముంచిన, యాసిడ్‌ల ముంచిన. ఒక్కనాడు నూనెల ముంచలె."

"నేను ఏడాది సంది మొత్తుకుంటలేనారా?" నానమ్మ గొంతు గల్లీ చివరిదాకా వినబడి ఉంటుంది. "పుల్ల కనబడుతలేదు, బొమ్మ కనబడుతున్నది అని! ముసల్దాని మాట ఎవరింటరు? మేడం, రాసుకోండ్రి. భీమవ్వ కనిపెట్టింది అని రాసుకోండ్రి."

నానమ్మ దేవుడి నూనె డబ్బా మొత్తం ఒక పొడుగాటి చెంబులో పోసింది, పోస్తున్నంతసేపూ దేవుడికి క్షమాపణ చెప్పుకుంటూ. నేను పసుపు తాళ్లు విప్పాను. ఒక్కో గొట్టం కొస ముంచడం, చూడటం. కొన్ని నూనెలో దిగినా అలాగే ఉన్నాయి. కొన్నింటిని ముంచగానే కొస ఎవరో కోసుకుపోయినట్టు పోయింది. అలాంటిది వచ్చినప్పుడల్లా కృప మేడం "పోయింది!" అని అరిచేది. పదో గొట్టానికి నేను కూడా అరిచాను. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి నిలబడింది. మొత్తం పందొమ్మిది మాయమయ్యాయి. ముప్ఫై నాలుగు కనబడ్డాయి.

"ఇగ మల్ల కడుగు," అంది నానమ్మ. "నూనె అంటుకున్నది మంటల పెడితె గారెలే అయితయి."

పందొమ్మిదీ నేనూ కృప మేడమూ వేడి సర్ఫు నీళ్లలో కడిగాం. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని నాతోపాటే వాకిట్లో కూర్చుంది. నాకు తెలియకుండానే ఆమెతో మాట్లాడుతున్నాను. నూనె బదులు కిరసనాయిలు పోస్తే ఏమవుతుంది, నీళ్లలో ఎందుకు మాయం కాదు, అని అడుగుతున్నాను. తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది.

పదకొండింటికి బాపు బర్నర్ వెలిగించాడు. పై అతుకు ఆయనే చేశాడు. కింది అతుకు దగ్గర ఆగాడు. పరికరాన్ని తలకిందులుగా పట్టుకొని, అడుగు వైపు చూస్తూ అతకాలి. తల అటు వంచితే నోట్లోని రబ్బరు గొట్టం లాగుతోంది. నిన్న ఎలాగో చేశాడు. ఈ రోజు నన్ను చూశాడు.

"రా. గిది నువ్వు పట్టు నోట్లె."

నేను కదిలేలోపే నానమ్మ అంది: "దాని నోట్లె గాలేదిరా? మాట్లాడితేనే వినబడది."

"గందుకె పిలుస్తున్న," అన్నాడు బాపు. "గట్టిగ ఊదేటోల్లు ఇక్కడ పనికి రారు. చూడు బిడ్డా, పండుకున్న పసిపిల్ల కండ్ల మీద ఊదితె ఎంత ఊదుతవు? గంతే. ఆపు అంటె ఆపాలె."

రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకున్నాను. సర్ఫు వాసన, రబ్బరు రుచి. మంట నీలంగా బుసకొడుతోంది. బాపు చేతులు తిరుగుతున్నాయి. గాజు ఎర్రబడింది, తర్వాత నారింజ రంగుకు వచ్చింది, మెత్తబడింది. రెండు కొసలూ కలిశాయి. అతుకు దగ్గర లోపలికి నొక్కుకుపోయింది.

"ఇయ్యి."

గాలి వదిలాను. నా నోటి నుంచి పోయినది ఆ చివర గాజులో కనబడింది. నొక్కు మెల్లగా లేచి నున్నగా అయ్యింది. ఎవరితోనైనా ఏదైనా చెప్పినప్పుడు అది వాళ్లకు చేరినట్టు నాకు ఎప్పుడూ అంత స్పష్టంగా తెలియలేదు.

"ఆపు. ఇంక జర. ఆపు. బస్."

మసి పట్టించి ఇటుకల మీద పెట్టాడు. అప్పుడు ఎవరూ చాయ్ అడగలేదు. అందరం చుట్టూ కూర్చున్నాం. బాపు గోడ గడియారం చూస్తున్నాడు. అమ్మ చాట ముందు కూర్చుంది గానీ ఆకు కత్తిరించడం లేదు. కృప మేడం రెండు చేతులు కలిపి, కళ్లు మూసుకొని, ఏసయ్యకు మెల్లగా చెప్పుకుంటోంది. బయట ఆటోవాడు హారను కొడితే బాపు కిటికీలోంచి ఆగమని వేలు చూపించాడు. వాడు ఆపేశాడు. పది నిమిషాలు. పావుగంట.

టిక్.

బాపు కళ్లు మూసుకున్నాడు. నేను అతుకును చూశాను. కింది అతుకు, పై అతుకు. గీత లేదు. మసి కదలలేదు. ఇంకో టిక్. అది ఇటుకల వైపు నుంచి రాలేదు. అందరం తిరిగి చూశాం.

నానమ్మ గోడకు ఆనుకొని, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటోంది.

"ఏంది, అందరు నన్ను చూస్తున్రు?"

"అవ్వా!" అని అరిచాడు బాపు. ఆయన అంత గట్టిగా అరవడం నేను అదే మొదటిసారి వినడం. "నా పానం తీస్తివి గదనే!"

కృప మేడం పడి పడి నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నానమ్మ మాత్రం ఒక ముక్క నోట్లో వేసుకొని, "నా ఒక్క వక్క కొరుక్కునే స్వతంత్రం లేదా ఇంట్ల?" అంది.

మధ్యాహ్నం మసి తుడిచి, అందులో నీళ్లు పోసి చూశాం. ఏటవాలు గొట్టంలోంచి నీళ్లు బుడ్డిలోకి సాఫీగా జారిపోయాయి. కృప మేడం తువ్వాలులో చుట్టుకొని ఆటో ఎక్కింది. "జర మెల్లగ పోనియ్యి అన్నా, పసిపిల్ల ఉన్నది," అని ఆటోవాడికి చెప్పడం వినబడింది.

శనివారమంతా నేను కాలేజీలో ఏం విన్నానో తెలియదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కృప మేడం మా గడప మీద కూర్చొని నానమ్మతో తమలపాకు నములుతోంది.

"నూనె ఎట్ల తేలిందనుకున్నవు రాణీ! లేత పసుపు పచ్చగ, గీతల మీద సక్కగ. కేరళోల్లు రెండుసార్లు చూసిన్రు. సేటు పనంత ఇగ మీకే అన్నడు. ఇంకో సెట్టు కొత్తది చెయ్యుమన్నడు, ఒకటి పలిగితె ఇంకోటి ఉండాలెనట." ఆమె నా వైపు వంగి గొంతు తగ్గించింది. "మామిడి తోరణం కట్టవద్దన్నడు, అది కూడ చెప్పిండు."

బాపు ముందు గదిలో ఉన్నాడు. ఆయన మేకు దగ్గరికి పోయి నీలిరంగు సంచి దించాడు. ఆయన దాన్ని తిప్పి దులిపాడు. దుమ్ముతోపాటు పాత బస్సు టికెట్లు కొన్ని రాలాయి. వెనక గదిలోకి పోయి దాన్ని అమ్మ ముందు పెట్టాడు.

"బీడీలు ఇందుల ఏసుకొని కార్ఖానకు పో. మూట కట్టుకునుడు ఎందుకు."

అమ్మ జిప్పు లాగి చూసింది. "జిప్పు పోయింది," అంది. అయినా తీసుకుంది.

ఆదివారం నేను పందొమ్మిదికి కొత్త ఎర్ర తాడు కట్టాను. ముప్ఫై నాలుగుకు తెల్ల తాడు. అప్పుడు నానమ్మ వచ్చింది, చేతిలో నూనె కారుతున్న పుల్ల.

"ఇది నాకొద్దు. కనబడేది కావాలె."

బాపు బర్నర్ వైపు చూపించాడు. "నాకు పనున్నది అవ్వా. సేటు సెట్టు చెయ్యాలె. రాణిని అడుగు."

నేను తెల్ల తాడు కట్టలోంచి ఒక చిన్న ముక్క తీసుకున్నాను. ఊదారంగు అద్దాలు నా ముక్కు మీద నిలవలేదు. బాపు వాటిని దారంతో వెనక కట్టాడు. మంటలో రెండు కొసలూ పట్టుకున్నాను. కుడి చేయి ఒకలా తిరిగింది, ఎడమ చేయి ఒకలా తిరిగింది. గొట్టం కరిగి ముద్దయ్యింది, లాగితే పుల్లయ్యింది, చల్లబడేసరికి పాములా మెలికపడింది. కొసన గుండు పెట్టబోతే అది వంకాయలా వచ్చింది.

నానమ్మ దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి తీసుకుపోయి నూనె గిన్నెలో వేసింది.

"వంకర," అని అరిచింది లోపల నుంచి. "మొత్తం వంకర. గని కనబడుతున్నది!"